7జిప్, రార్, టార్ కమాండ్లలో ఎర్రర్ వస్తే ఏం చేయాలి: సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నంలో ద్వారకా నగర్, డాబా గార్డెన్స్ చుట్టుపక్కల చిన్న ఆఫీసుల కంప్యూటర్లు చూసుకోవడం నా పని. ఆడిటర్ల ఆఫీసులు కొన్ని, పోర్టు పని చూసే కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంట్ల ఆఫీసులు కొన్ని. దాదాపు అన్నిచోట్లా రాత్రి పదింటికి ఒక బ్యాచ్ ఫైలు, అంటే కమాండ్లు వరసగా రాసి పెట్టిన ఫైలు, నడుస్తుంది. ఆ రోజు లెక్కల ఫోల్డర్‌ని 7జిప్‌తో కుదించి వేరే డిస్కులో పెడుతుంది.

ఒక సెప్టెంబరు నెలాఖరులో, ఆడిట్ గడువు ముంచుకొస్తున్న వారంలో, ఒక ఆఫీసులో సర్వర్ డిస్కు పోయింది. బ్యాకప్ ఫైళ్లు రోజుకొకటి చొప్పున వరసగా ఉన్నాయి కదా అని ధైర్యంగా వెళ్లాను. తెరిచి చూస్తే బిల్లుల స్కాన్లు ఉన్నాయి, ఉత్తరాలు ఉన్నాయి, అసలు లెక్కల డేటా ఫైలు మాత్రం లేదు. ఆరు వారాల ఫైళ్లలో ఒక్కదాంట్లోనూ లేదు. రాత్రిపూట అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ని మూయకుండా వెళ్లిపోతున్నారు. తెరిచి ఉన్న ఫైలును 7జిప్ చదవలేక ప్రతి రాత్రీ హెచ్చరిక చెప్పింది. కమాండ్లు నడిచే ఆ నల్ల కిటికీ తనంతట తాను మూసుకుపోయేది, దాన్ని చదివే మనిషి లేడు. ఆ బ్యాచ్ ఫైలు రాసింది నేను. సీనియర్ అకౌంటెంట్ గారు నెలనెలా పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న కాపీ దొరకబట్టి గండం గట్టెక్కింది. మిగతాది నలుగురు కూర్చుని నాలుగు రోజులు మళ్లీ టైపు చేశారు. అప్పటినుంచి నేను పాటిస్తున్న పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఫోన్లో ఆఫీసు స్టాఫ్‌కి కమాండ్లు ఎలా పలికి చెబుతానో ఇక్కడా అలాగే తెలుగు అక్షరాల్లో రాశాను. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు కొట్టాలి. “7జెడ్ టి” అంటే ఏడు అంకె, జెడ్, ఒక ఖాళీ, తర్వాత టి అన్నమాట.

మొదటి మెట్టు: మెసేజ్ మొత్తం దాచుకోండి

ఎర్రర్ రాగానే చాలామంది చివరి లైను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. అసలు కారణం తరచుగా పైనే ఉంటుంది. కింద ఉండేది “ఇన్ని తప్పులు వచ్చాయి” అనే లెక్క మాత్రమే. అందుకని కమాండ్ చివర ఒక ఖాళీ ఇచ్చి, గ్రేటర్ దేన్ గుర్తు పెట్టి, లాగ్ ఫైలు పేరు రాయండి. ఆ పేరు తర్వాత ఇంకో ఖాళీ ఇచ్చి 2>&1 అని చేర్చండి. అప్పుడు మామూలు మెసేజ్‌లూ ఎర్రర్లూ రెండూ ఒకే ఫైల్లోకి చేరతాయి.

వెంటనే, మధ్యలో ఇంకే కమాండూ కొట్టకుండా, “ఎకో %ఎర్రర్‌లెవెల్%” అని కొట్టండి. ఒక అంకె వస్తుంది. విండోస్‌లోనే ఉండే ఇంకో కమాండ్ కిటికీ పవర్‌షెల్‌లో అయితే డాలర్ గుర్తు పక్కనే లాస్ట్‌ఎగ్జిట్‌కోడ్ అని కలిపి రాయాలి. లైనక్స్‌లో ఎకో తర్వాత డాలర్, ప్రశ్నార్థకం. మధ్యలో ఇంకో కమాండ్ కొడితే దాని అంకె వచ్చి, మనకు కావలసింది పోతుంది.

7జిప్‌లో ఆ అంకెలకు అర్థం ఇది. 0 అంటే అంతా సవ్యం. 1 అంటే హెచ్చరిక: ఆర్కైవ్ (ఫైళ్లన్నీ కుదించి పెట్టిన ఒకే ఫైలు) తయారైంది, కానీ కొన్ని ఫైళ్లు అందులోకి రాలేదు. 2 అంటే పని ఆగిపోయిన పెద్ద తప్పు. 7 అంటే మనం కమాండ్ తప్పు రాశాం. 8 అంటే మెమరీ చాలలేదు. 255 అంటే ఎవరో మధ్యలో ఆపేశారు. 7జిప్ లాంటిదే ఇంకో కుదింపు ప్రోగ్రామ్ రార్‌లో కూడా 7, 8, 255లకు ఇవే అర్థాలు. అదనంగా 3 అంటే డేటా దెబ్బతింది, 5 అంటే డిస్కు మీద రాయలేకపోయింది, 6 అంటే ఫైలు తెరవలేకపోయింది, 10 అంటే మనం చెప్పిన పేరుతో ఫైళ్లే లేవు, 11 అంటే పాస్‌వర్డ్ తప్పు.

వీటిలో నన్ను ఎక్కువ భయపెట్టేది 1. 2 వస్తే అందరూ కంగారుపడి ఫోన్ చేస్తారు. 1 వచ్చినప్పుడు ఫైలు కళ్లముందు కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆ ఆఫీసులో ఆరు వారాలూ వచ్చింది ఈ 1.

అంకె చేతికొచ్చాక ప్రశ్న ఒక్కటే: తప్పు కమాండ్‌లో ఉందా, దారిలో ఉందా, ఆర్కైవ్‌లో ఉందా, మెషీన్‌లో ఉందా? నేను ఎప్పుడూ ఈ వరసలోనే వెతుకుతాను, ఎందుకంటే మొదటి రెండూ ఐదు నిమిషాల్లో తేలిపోతాయి.

అసలు ప్రోగ్రామే దొరకడం లేదంటే

“7జెడ్ ఈజ్ నాట్ రికగ్నైజ్డ్” అని వస్తే సాఫ్ట్‌వేర్ లేదని కాదు. 7జిప్ ఇన్‌స్టాల్ అయినప్పుడు తన ఫోల్డర్‌ని విండోస్ పాత్ జాబితాలో చేర్చుకోదు. అది సాధారణంగా సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ కింద 7-జిప్ అనే ఫోల్డర్లో ఉంటుంది. పూర్తి దారి రాసి, రెండు చివర్లా డబుల్ కొటేషన్లు పెట్టండి. ప్రోగ్రామ్, ఫైల్స్ అనే మాటల మధ్య ఖాళీ ఉంది కాబట్టి కొటేషన్లు తప్పనిసరి. పవర్‌షెల్‌లో అయితే ఆ కొటేషన్ ముందు ఆంపర్సండ్ గుర్తు కూడా పెట్టాలి. లేకపోతే అది ప్రోగ్రామ్‌ని నడపకుండా, రాసిన దాన్ని ఉత్త మాటగా తీసుకుంటుంది.

విండోస్ 10లో 2018 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి, ఫైళ్లని ఒకే ఫైలుగా కట్టే టార్ కమాండ్ విండోస్‌తోనే వస్తోంది. ఏమీ ఇన్‌స్టాల్ చేయనివ్వని ఆఫీసు కంప్యూటర్లలో ఇది బాగా అక్కరకొస్తుంది.

అంకె 7 వస్తే: కమాండ్‌ని అక్షరం అక్షరం చూడండి

ఎక్కువసార్లు నేను చూసిన కారణం వాట్సాప్ లేదా వర్డ్ నుంచి కాపీ చేసిన కమాండ్. వర్డ్ మామూలు హైఫన్‌ని పొడుగు గీతగా, నిటారు కొటేషన్లని వంపు కొటేషన్లుగా మార్చేస్తుంది. కంటికి తేడా తెలియదు. 7జిప్ మాత్రం ఆ పొడుగు గీతతో మొదలయ్యే మాటని స్విచ్ (హైఫన్‌తో మొదలయ్యే సూచన) అనుకోదు, ఫైలు పేరు అనుకుని వెతుకుతుంది. దాంతో ఫైలు దొరకలేదనే సంబంధం లేని మెసేజ్ కూడా రావచ్చు. అనుమానం ఉంటే హైఫన్లూ కొటేషన్లూ చెరిపేసి కీబోర్డుతో మళ్లీ కొట్టండి.

రెండోది హైఫన్ ఓ తర్వాత ఖాళీ. ఎక్కడ విప్పాలో చెప్పే ఈ స్విచ్‌కి ఫోల్డర్ దారి అతుక్కునే ఉండాలి. మధ్యలో ఖాళీ ఉంటే “టూ షార్ట్ స్విచ్” అంటుంది. పాస్‌వర్డ్ కోసం పెట్టే హైఫన్ పి కూడా అంతే, అతికించి రాయాలి. హైఫన్ పి ఒక్కటే రాసి వదిలేస్తే అది మిమ్మల్ని అడుగుతుంది. నలుగురు వాడే కంప్యూటర్లో అదే మేలు, లేకపోతే పాస్‌వర్డ్ కమాండ్ల చరిత్రలో మిగిలిపోతుంది.

పాస్‌వర్డ్‌లో ప్రత్యేక గుర్తులుంటే ఇంకో తిప్పలు ఉంది. బ్యాచ్ ఫైల్లో పర్సెంట్ గుర్తుని రెండుసార్లు రాయాలి. పవర్‌షెల్‌లో డబుల్ కొటేషన్ల మధ్య డాలర్ గుర్తు వస్తే దాని తర్వాతి మాటని వేరియబుల్ అనుకుని మింగేస్తుంది, అక్కడ సింగిల్ కొటేషన్లు వాడండి. ఇవి ఎర్రర్ చూపకుండా వేరే పాస్‌వర్డ్‌తో ఆర్కైవ్ తయారు చేయగలవు. నెల తర్వాత విప్పబోతే “రాంగ్ పాస్‌వర్డ్” అంటుంది, మీరేమో సరిగ్గానే కొడుతుంటారు. అలాంటప్పుడు తయారు చేసిన కమాండ్‌ని బయటకు తీసి, ఆ గుర్తు దగ్గర ఏమైపోయి ఉంటుందో లెక్కేసి, మిగిలిన అక్షరాలతో ప్రయత్నించండి.

ఫైళ్ల జాబితాని ఎట్ గుర్తుతో ఇచ్చేవాళ్లు కూడా పవర్‌షెల్‌లో జాగ్రత్త పడాలి. అక్కడ ఎట్ గుర్తుకి వేరే అర్థం ఉంది. గుర్తుతో సహా మొత్తాన్ని కొటేషన్లలో పెట్టాలి.

విప్పేటప్పుడు “7జెడ్ ఎక్స్” వాడండి, “7జెడ్ ఈ” వద్దు. “7జెడ్ ఈ” వాడితే ఫోల్డర్లన్నీ చదునై ఫైళ్లన్నీ ఒకే కుప్పలో పడతాయి. ఏప్రిల్ ఫోల్డర్లోనూ మే ఫోల్డర్లోనూ ఒకే పేరుతో ఫైలు ఉంటే రెండోది మొదటిదాని మీద పడుతుంది. ముందు అడుగుతుంది నిజమే. కానీ అన్నిటికీ ఎస్ అనే హైఫన్ వై పెట్టి ఉంటే ఆ ప్రశ్న కూడా రాదు.

టార్‌లో దీనికి జోడీగా ఇంకో తప్పు ఉంది. హైఫన్ సి ఎఫ్ జెడ్ అని రాస్తారు. ఎఫ్ తర్వాత వచ్చేది ఫైలు పేరని టార్ అనుకుంటుంది కాబట్టి “జెడ్” అనే పేరుతో ఆర్కైవ్ మొదలుపెట్టి, మీ బ్యాకప్ పేరునేమో అందులో పెట్టాల్సిన ఫైలు అనుకుని, అది లేదంటుంది. ఎఫ్ ఎప్పుడూ చివర ఉండాలి: సి జెడ్ ఎఫ్. “నాట్ ఇన్ జీజిప్ ఫార్మాట్” అని వస్తే విప్పేటప్పుడు జెడ్ తీసేసి ఎక్స్ ఎఫ్ మాత్రం రాయండి, అది ఏ రకం కుదింపో టార్ తానే కనిపెట్టుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే అది టార్ ఫైలే కాకపోవచ్చు. ఆ సంగతి కింద చెబుతాను.

దారి తప్పితే

చేత్తో నడిపితే పనిచేసే బ్యాచ్ ఫైలు టాస్క్ షెడ్యూలర్లో పెడితే పనిచేయదు. ఇది ఎక్కువమంది అడిగే ప్రశ్న. షెడ్యూలర్ మీ ఫోల్డర్ నుంచి మొదలవదు, “స్టార్ట్ ఇన్” గడి ఖాళీగా ఉంటే విండోస్ సిస్టమ్ ఫోల్డర్ నుంచి మొదలవుతుంది. మీరు రాసిన చిన్న పేర్లన్నీ అక్కడ వెతుక్కుంటుంది. ప్రతి దారినీ డ్రైవ్ అక్షరంతో సహా పూర్తిగా రాయండి. రెండోది, మీ లాగిన్‌లో జెడ్ డ్రైవ్‌గా కనిపించే నెట్‌వర్క్ ఫోల్డర్ రాత్రిపూట ఎవరూ లాగిన్ కాని వేళ ఉండదు. దాని బదులు రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే సర్వర్ పేరు దారి రాయాలి.

ఫైలు వేరే ప్రోగ్రామ్ వాడుతోందని హెచ్చరిక వస్తే హైఫన్ ఎస్ ఎస్ డబ్ల్యూ స్విచ్ ఉంది. రాయడానికి తెరిచి ఉన్న ఫైళ్లని కూడా చదవడానికి ప్రయత్నిస్తుంది. అయినా లెక్కల ఫైలు సగం రాస్తుండగా తీసిన కాపీని నేను నమ్మను. సాఫ్ట్‌వేర్ మూసి వెళ్లమని స్టాఫ్‌కి చెప్పడమే సరైన మందు. ఇప్పుడు నేను చూసే ప్రతి ఆఫీసులో కంప్యూటర్ పక్కన గోడకి ఆ కాగితం అంటించి ఉంటుంది.

క్లియరింగ్ ఏజెంట్ల ఆఫీసుల్లో ఇంకో ఇబ్బంది వస్తుంది. పార్టీ పేరు, ఓడ పేరు, బిల్ నంబరు, తేదీ అంటూ ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోతారు. విండోస్‌లో పాత లెక్క ప్రకారం ఫైలు పూర్తి దారి 260 అక్షరాలు దాటకూడదు. విప్పేటప్పుడు డెస్క్‌టాప్ మీద, లోతైన ఫోల్డర్లో విప్పితే ఈ హద్దు తగులుతుంది. డి డ్రైవ్‌లో ఒక్క అక్షరం పేరున్న ఫోల్డర్ చేసి అక్కడ విప్పండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

ఆర్కైవ్ తెరుచుకోకపోతే

ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి. పోర్టులో కంటైనర్లతో పాటు సరుకుల జాబితా ఒకటి వస్తుంది, ఏ పెట్టెలో ఏముందో అందులోనే ఉంటుంది. జిప్ ఫైలుకీ, 7జెడ్ ఫైలుకీ అలాంటి జాబితా లోపల ఉంటుంది, అది ఫైలు చివర్లో ఉంటుంది. నెట్ మధ్యలో తెగి డౌన్‌లోడ్ 90 శాతం దగ్గర ఆగితే మొదట పోయేది ఆ జాబితానే. అందుకే ఇంచుమించు మొత్తం వచ్చిన ఫైలు కూడా “కెనాట్ ఓపెన్ ఫైల్ యాజ్ ఆర్కైవ్” అంటుంది. లైనక్స్‌లోని అన్‌జిప్ ప్రోగ్రామ్ దీన్నే “ఎండ్ ఆఫ్ సెంట్రల్ డైరెక్టరీ” గుర్తు దొరకలేదని చెబుతుంది.

కాబట్టి ముందు సైజు చూడండి. పంపినవాళ్ల దగ్గర ఎన్ని బైట్లుందో మీ దగ్గరా అన్నే ఉండాలి. ఎంబీల్లో సరిపోల్చకండి, బైట్లలో చూడండి. సైజు సరిపోతే రెండు వైపులా హాష్ తీయండి, అది ఫైలుకి వేలిముద్ర లాంటిది. విండోస్‌లో “సర్ట్‌యుటిల్ -హాష్‌ఫైల్” తర్వాత ఫైలు పేరు, చివర ఎస్‌హెచ్ఏ256 రాస్తే పొడవాటి సంఖ్య వస్తుంది. రెండు చోట్లా ఒకటే వస్తే ఫైలు దారిలో పాడవలేదని తేలిపోయినట్టే.

సైజు మరీ చిన్నగా, కొద్ది కేబీలే ఉంటే నోట్‌ప్యాడ్‌లో తెరవండి. నిజమైన జిప్ ఇంగ్లిష్ అక్షరాలు పి, కె లతో మొదలవుతుంది. ఆ ఫార్మాట్‌ని 1989లో తీసుకొచ్చిన ఫిల్ కాట్జ్ పేరులోని అక్షరాలవి. 7జెడ్ ఫైలు 7, జెడ్ లతో, రార్ ఫైలు రార్ అనే మాట, ఆశ్చర్యార్థకంతో మొదలవుతాయి. వీటి బదులు హెచ్‌టీఎంఎల్ అని కనిపిస్తే మీకు వచ్చింది ఆర్కైవ్ కాదు, ఏదో వెబ్‌సైట్ లాగిన్ పేజీ. లాగిన్ అయి మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవాలి. నోట్‌ప్యాడ్‌లో చూసి మూసేయండి, పొరపాటున కూడా సేవ్ చేయకండి.

ముక్కలుగా వచ్చిన ఫైలు అయితే 001, 002, 003 అన్నీ ఒకే ఫోల్డర్లో, పేర్లు మార్చకుండా ఉండాలి. 001ని మాత్రమే విప్పమనాలి, మిగతావి అదే వెతుక్కుంటుంది. వాట్సాప్ లేదా బ్రౌజర్ ఒకే పేరు రెండోసారి వచ్చినప్పుడు వెనకాల బ్రాకెట్లో 1 చేరుస్తుంది. ఆ ఒక్క మార్పుతో మొత్తం ఆగిపోయిన సందర్భాలు చూశాను.

తెరుచుకున్నా మధ్యలో “సీఆర్‌సీ ఫెయిల్డ్” లేదా “డేటా ఎర్రర్” వస్తే “7జెడ్ టి” అని ఆర్కైవ్ పేరు ఇచ్చి పరీక్షించండి. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండుసార్లూ అదే ఫైలు దగ్గర తప్పు వస్తే ఆర్కైవ్ పాడైంది. ఒక్కోసారి ఒక్కో ఫైలు దగ్గర వస్తే అనుమానం ర్యామ్ మీద, డిస్కు కేబుల్ మీద పెట్టుకోవాలి. అదే ఫైలును వేరే కంప్యూటర్లో విప్పి చూడండి. అక్కడ సాఫీగా విప్పుకుంటే మీ ఫైలు భద్రంగా ఉంది, కంప్యూటర్‌కే వైద్యం కావాలి. “7జెడ్ బి” అని కొడితే నడిచే వేగ పరీక్ష కూడా ర్యామ్ తప్పుల్ని పట్టుకోగలదు.

పాడైన దాన్ని బాగుచేయడం ఫార్మాట్‌ని బట్టి ఉంటుంది. జిప్‌లో చివరి జాబితా కాకుండా ప్రతి ఫైలు ముందూ ఒక చిన్న చీటీ ఉంటుంది. కాబట్టి లైనక్స్‌లోని జిప్ కమాండ్ హైఫన్ పెద్ద ఎఫ్ ఎఫ్‌తో ఆ చీటీలు ఏరుకుంటూ దొరికినంత రాబట్టగలదు. రార్‌లో తయారు చేసేటప్పుడే రికవరీ రికార్డ్ (బాగుచేయడానికి పనికొచ్చే అదనపు డేటా) చేర్చి ఉంటే “రార్ ఆర్” నిజంగా బాగుచేస్తుంది, చేర్చకపోతే పెద్దగా ఆశ లేదు. 7జిప్‌లో బాగుచేసే కమాండ్ లేదు. అందుకే చాలా ఏళ్లు దాచాల్సిన వాటికి నేను రెండో కాపీ వేరే డిస్కులో పెట్టిస్తాను. వీటిలో ఏది చేసినా మూల ఫైలు మీద చేయకండి, ముందు కాపీ తీసుకుని దానిమీద చేయండి.

“నీడ్ పీకే కంపాట్ వి5.1” అని లైనక్స్ అన్‌జిప్ అంటే ఫైలు బాగానే ఉంది. అది ఏఈఎస్ పద్ధతిలో తాళం వేసిన జిప్, ఆ పాత ప్రోగ్రామ్‌కి ఆ పద్ధతి తెలియదు. 7జిప్‌తో విప్పండి.

మెమరీ, చోటు

అంకె 8 వస్తే కుదింపు స్థాయి తగ్గించండి. ఎక్కువ స్థాయిలో 7జిప్ పెద్ద డిక్షనరీ (కుదించేటప్పుడు వెనక చూసిన డేటాని గుర్తుపెట్టుకునే చోటు) వాడుతుంది, కుదించడానికి దానికి పది రెట్లకు పైగా ర్యామ్ కావాలి. హైఫన్ ఎం ఎక్స్ ఈక్వల్ టు 9 బదులు 5 పెడితే పాత కంప్యూటర్లలోనూ నడుస్తుంది, సైజులో తేడా కొద్దిగానే ఉంటుంది.

పెన్‌డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉన్నా చోటు లేదంటే అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉందేమో చూడండి. అందులో ఒక్కో ఫైలు 4 జీబీకి చేరకూడదు. హైఫన్ వి 3 జి అని చేరిస్తే 3 జీబీ ముక్కలుగా వస్తుంది. లేదా పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకోవచ్చు.

తెలుగు పేర్లున్న ఫైళ్లు

మన ఆఫీసుల్లో “జీతాలు మార్చి”, “అద్దె రసీదులు” లాంటి పేర్లు తెలుగులోనే పెడుతున్నారు, మంచి పని. నల్ల కిటికీలో అవి డబ్బాలుగా కనిపిస్తే కంగారు వద్దు. అక్కడి ఫాంట్‌లో తెలుగు లేకపోవడం వల్ల అలా కనిపిస్తుంది, లోపల పేరు సరిగ్గానే ఉంటుంది. ఎక్స్‌ప్లోరర్లో చూస్తే తెలుస్తుంది. జిప్ చేసి వేరేవాళ్లకి పంపేటప్పుడు మాత్రం హైఫన్ ఎం సి యు ఈక్వల్ టు ఆన్ చేర్చండి, పేర్లు అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో వెళతాయి.

డిర్ కమాండ్‌తో ఫైళ్ల జాబితా తయారు చేసి దాన్ని 7జిప్‌కి ఇస్తే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారి, ఒక్క ఫైలూ దొరకదు. జాబితా తయారు చేసే ముందు “సీహెచ్‌సీపీ 65001” అని కొట్టండి. 7జిప్ జాబితాలను యూటీఎఫ్-8గానే చదువుతుంది కాబట్టి అప్పుడు కుదురుతుంది.

బ్యాచ్ ఫైల్లో నేను చేర్చినవి

ఇప్పుడు నా బ్యాచ్ ఫైళ్లలో కుదింపు కమాండ్ తర్వాత ఇంకొన్ని లైన్లు ఉంటాయి. కమాండ్ అవగానే అంకెని ఒక వేరియబుల్లో దాస్తాను. తర్వాత “7జెడ్ టి” నడిపి దాని అంకెనీ దాస్తాను. రెండింటిలో ఏది 0 కాకపోయినా డెస్క్‌టాప్ మీద “బ్యాకప్ సరిగా లేదు” అనే పేరుతో, తేదీ చేర్చి, లాగ్ కాపీ పడుతుంది. “ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 1” అంటే 1 లేదా అంతకంటే ఎక్కువ అని అర్థం, కాబట్టి హెచ్చరికలు కూడా అందులో పట్టుబడతాయి. పొద్దున్న ఆఫీసు తెరిచిన వాళ్లకి ముందుగా కనిపించేది ఆ ఫైలే.

టి పరీక్ష లోపల ఉన్నవి బాగున్నాయో లేదో చెబుతుంది, రావాల్సినవన్నీ వచ్చాయో లేదో చెప్పదు. దానికోసం నెలకోసారి, ఒకటో తారీఖున, వేరే కంప్యూటర్లో పూర్తిగా విప్పి, లెక్కల సాఫ్ట్‌వేర్లో తెరిచి, ముందు రోజు చివరి వోచరు కనిపిస్తుందో లేదో చూస్తాం. పావుగంట పని.

బ్యాకప్ డిస్కుని సర్వర్ ఉన్న గదిలోనే ఉంచకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి, సర్వరూ బ్యాకప్ డిస్కూ ఒకే బల్ల మీద తడిసిపోయిన ఆఫీసు చూశాను. మా క్లయింట్లలో ఇద్దరు ఇప్పుడు శనివారం డిస్కు మార్చి, పాతది ఒకరు గాజువాకలో ఇంటికీ ఇంకొకరు మధురవాడలో ఇంటికీ తీసుకెళతారు. సోమవారం ఆ డిస్కు తిరిగి ఆఫీసుకి వచ్చాక, పెట్టెలో పెట్టే ముందు, “7జెడ్ టి” ఇంకోసారి నడుపుతారు.